మా రోజుల్లో 25 అంటే 25

"టైమ్‌లైన్‌లో బానే ఉంది బాబాయ్, ఎక్స్‌పోర్ట్ చేస్తేనే జర్క్ వస్తోంది."

పెళ్ళిళ్ళ సీజన్ మొదలైతే చాలు, ఈ మాట వినని రోజుండదు. దాని వెనకే తీర్పు కూడా సిద్ధం. సాఫ్ట్‌వేర్‌లో బగ్గట. కొత్త అప్‌డేట్ వచ్చాకే ఇలా అయిందట. గ్రాఫిక్స్ కార్డు చాలడం లేదట. ఒకడు అప్పుచేసి మరీ కార్డు మార్చాడు. జర్క్ అలాగే ఉంది, నెలనెలా వాయిదా అదనం. ఇంకొకడు విండోస్ తీసేసి మళ్ళీ వేశాడు. మూడోవాడు ఆ సాఫ్ట్‌వేరే వదిలేసి వేరేదానికి మారాడు. అక్కడా అదే జర్క్. ఇన్ని చేసినవాళ్ళు చెయ్యని పని ఒకటే: బయటికొచ్చిన ఫైల్ తెరిచి, కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కుకుంటూ ఒక్కో ఫ్రేమూ చూడటం. అంత ఓపిక ఎవడికుంది? వీళ్ళకి వీడియో అంటే ఒక ముద్ద. అందులో విడివిడిగా బొమ్మలున్నాయన్న సంగతి ఎవరో చెబితే విన్నారు తప్ప ఎప్పుడూ లెక్కపెట్టి చూడలేదు.

మా రోజుల్లో ఫ్రేమ్ చేతికి తగిలేది. మద్రాసు కోడంబాక్కం ఎడిటింగ్ రూముల్లో అసిస్టెంటుగా చేరినవాడికి మొదటి పాఠం కత్తెర కాదు, లెక్క. 35 ఎం.ఎం. ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకి అటూ ఇటూ నాలుగేసి కన్నాలు. సెకనుకి 24 ఫ్రేములు, అంటే అడుగున్నర. నిమిషానికి 90 అడుగులు. వెయ్యడుగుల రోలు పదకొండు నిమిషాల పైచిలుకు నడుస్తుంది. ఎడిటర్‌గారు మూవియోలా అనే ఎడిటింగ్ మిషను రొదలోంచి తల ఎత్తకుండా "ఆరు ఫ్రేములు తియ్యి" అంటే ఆరే తియ్యాలి. గ్రీజు పెన్సిల్‌తో గీత గీసి, కోసి, స్ప్లైసర్ పిన్నుల మీద కన్నాలు సరిగ్గా కూర్చోబెట్టి టేపు అంటించాలి. కన్నం కొంచెం పక్కకి పోయిందా, ప్రొజెక్టర్ గేటులో బొమ్మ ఎగిరి పడేది. అదీ జర్కే. కాకపోతే ఎక్కడుందో వేలితో తడిమితే తెలిసేది, ఎవడు అంటించాడో కూడా రూములో అందరికీ తెలిసేది.

కెమెరా 24లో తిరిగేది. మూవియోలా 24. ఏలూరులో ఉన్న టాకీసులోనూ 24. మధ్యలో ఎవడికీ ఆ అంకె మార్చే హక్కు లేదు. ఆ అంకె ఊరికే వచ్చిందీ కాదు. మూకీల కాలంలో కెమెరా హ్యాండిల్ తిప్పేవాడి చేతివాటం ఎంతుంటే అంత వేగం. సెకనుకి 16 అనేవారు కానీ ఒక్కొక్కడిదీ ఒక్కో 16. మాట వచ్చాక అలా కుదరలేదు, వేగం మారితే గొంతు మారిపోతుంది కదా. అందుకని 1920ల చివర్లో 24 దగ్గర అందరూ కట్టుబడ్డారు. వందేళ్ళ కిందట మూకీవాళ్ళు వదిలించుకున్న రోగాన్ని మన కుర్రాళ్ళు జేబులో ఫోను రూపంలో మళ్ళీ తెచ్చుకున్నారు. దాని కథ కాసేపట్లో చెబుతాను.

తర్వాత నేను మద్రాసు వదిలి బెజవాడ వచ్చి పెళ్ళి క్యాసెట్ల మిక్సింగ్‌లో పడ్డాను. అక్కడ అంకె మారింది, క్రమశిక్షణ మారలేదు. మన దేశానిది పాల్ పద్ధతి: సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేమూ రెండు ఫీల్డులుగా, మొత్తం 50. ఎందుకు 50 అంటే మన కరెంటు 50 సైకిల్స్ కాబట్టి. కెమెరా 25, రెండు వీసీఆర్‌లూ 25, మధ్యలో మిక్సర్ 25, పెళ్ళివారింట్లో టీవీ 25. తప్పు చేద్దామన్నా వేరే అంకె దొరికేది కాదు.

మరి 24లో తీసిన సినిమాని 25 నడిచే టీవీలో ఎలా వేశారు? ఈ ప్రశ్న ఇప్పటి కుర్రాళ్ళని అడిగితే తెల్లమొహం వేస్తారు, వాళ్ళ జర్కుకి మందు అందులోనే ఉన్నా సరే. ఒక ఫ్రేము అదనంగా ఇరికించలేదు. సినిమానే 25 వేగంతో నడిపేశారు. నూటికి నాలుగు వంతుల వేగం పెరిగింది, రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోయేది, పాటలు శ్రుతి కాస్త పెరిగి వినిపించేవి. శ్రుతి తెలిసినవాళ్ళు మొహం చిట్లించుకున్నారు. కానీ బొమ్మ మాత్రం ఎక్కడా తడబడలేదు. కాస్త తొందరగా నడిచినా ఫరవాలేదు, కుంటకూడదు. అదీ అప్పటివాళ్ళు తీసుకున్న నిర్ణయం, నా లెక్కలో సరైన నిర్ణయం.

ఇప్పుడు పెళ్ళి ఎలా తీస్తున్నారో చూడండి. మెయిన్ కెమెరావాడు 25లో పెట్టాడు. రెండోవాడు స్లో మోషన్‌కి పనికొస్తుందని 50. డ్రోన్ వాడు పెట్టెలోంచి తీసినప్పుడు ఏముందో అదే: స్క్రీన్ మీద 30, లోపల 29.97. ఈ చిల్లర ఎక్కడిదంటే, 1953లో అమెరికావాళ్ళు రంగుల టీవీని పాత నలుపు-తెలుపు సెట్లలో కూడా నడిపించడానికి 30ని వెయ్యింట ఒక వంతు తగ్గించారు. వాళ్ళ అవసరం అది, మన తలంబ్రాలకి దానితో ఏం పని? రీల్స్ కుర్రాడు 60. పెళ్ళికూతురి తమ్ముడు ఊరేగింపంతా ఫోన్‌లో తీశాడు, దాని అంకె దేవుడికే తెలియాలి. ఇవన్నీ తెచ్చి ఒక టైమ్‌లైన్ మీద పోస్తారు. ఖాళీ టైమ్‌లైన్ మీద మొదట ఏ క్లిప్ పడితే చాలా సాఫ్ట్‌వేర్లు దాని అంకెనే పట్టుకుంటాయి. మొదట పడింది డ్రోన్ షాటైతే పెళ్ళంతా డ్రోన్ లెక్కలో నడుస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్రాజెక్ట్ మొదట్లో పెట్టిన ఫ్రేమ్ రేట్‌ని తర్వాత మార్చనివ్వవు కూడా. అంతా అయ్యాక ఎక్స్‌పోర్ట్ దగ్గర 24 పెడతారు. ఎందుకురా అంటే "సినిమాటిక్ లుక్ బాబాయ్."

సినిమాటిక్! సెకనుకి 30 బొమ్మలున్న దాన్ని 24 చెయ్యమంటే సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం చేస్తుంది? ప్రతి అయిదో ఫ్రేముని అవతల పారేస్తుంది. అంటే సెకనుకి ఆరు సార్లు పెళ్ళికూతురి చెయ్యి ఒక అంగుళం ఎగురుతుంది. 25ని 24 చేస్తే సెకనుకి ఒకటి పోతుంది. అదే 30 క్లిప్‌ని 25 టైమ్‌లైన్ మీద వేసి మళ్ళీ 24గా బయటికి తీస్తే రెండుసార్లు దెబ్బ. ఇందులో బగ్ ఎక్కడుందో చూపించండి. భాగహారం సరిగ్గానే చేసింది, అడిగినవాడికే అడుగుతున్నదేమిటో తెలియదు.

అందుకే నా దగ్గరికి వచ్చినవాడిని "జర్క్ ఉందా" అని అడగను. "ఏ తాళంలో ఉంది" అని అడుగుతాను. సెకనుకి ఒక్కసారి, గడియారంలా వస్తోందంటే 24కీ 25కీ తగాదా. కెమెరా పక్కకి తిరుగుతున్నప్పుడు సెకనుకి అయిదారు సార్లు అదురుతోందంటే ఎక్కడో 30 దూరింది. బాగానే నడిచి నడిచి అరనిమిషానికోసారి చిన్న తడబాటు వస్తోందంటే అది 29.97ని 30లో కలిపిన పుణ్యం, లెక్క ప్రకారం 33 సెకన్లకి ఒక ఫ్రేము తేడా. ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందంటే ఫ్రేమ్ రేట్ కాదు. ఆ క్లిప్పో, దాని మీద వేసిన ఎఫెక్టో, పాత రెండర్ ఫైలో. ఆ రెండర్ ఫైళ్ళు చెరిపేసి ఆ ముక్క మళ్ళీ రెండర్ చెయ్యాలి. వేసిన ప్రతిసారీ వేరే చోట ఆగుతోందా? ఫైల్ నిక్షేపంగా ఉంది. ఆడించే డబ్బాకి శక్తి లేదు.

ఈ చివరిది ఎంతమంది కొంప ముంచుతోందో. 4కెలో తీశాం కదా అని బిట్‌రేట్ గడిలో 150 కొట్టి, ఆ ఫైల్ని అగ్గువ పెన్‌డ్రైవ్‌లో వేసి, పెళ్ళివారి టీవీ వెనక గుచ్చుతారు. టీవీ ఒగురుస్తుంది. "ఎడిటింగ్ బాలేదండీ" అంటాడు పెళ్ళికొడుకు తండ్రి. యూట్యూబ్ వాళ్ళే 30 లోపు ఫ్రేముల 4కె వీడియో ఎక్కించడానికి 35 నుంచి 45 చాలంటారు, 1080కి 8 చాలంటారు. పెళ్ళివారి హాలుకి అంతకి మూడింతలు దేనికి? ఎక్స్‌పోర్ట్ కాగానే ఇంకో కంప్యూటర్లో, ఇంకో ప్లేయర్లో ఒకసారి వేసి చూడండిరా అంటే వినరు.

దీనికి తలకిందులు గొడవ ఇంకొకటి. టైమ్‌లైన్ మీదే ఆగి ఆగి నడుస్తోందని ఏడుపు. హెచ్.264 అనే పద్ధతి 2003లో వచ్చింది. అది ప్రతి ఫ్రేముని పూర్తిగా దాచదు. ఒక నిండు బొమ్మ దాచి, తర్వాతవాటికి "ముందుదానికీ దీనికీ తేడా ఇది" అని మాత్రం రాసుకుంటుంది. దాచడానికి బావుంటుంది, కొయ్యడానికి నరకం. ఒక ఫ్రేము చూపించాలంటే కంప్యూటరు ముందువి అరడజను విప్పాలి. అందుకు ప్రాక్సీలు, అంటే తేలికపాటి నకళ్ళు, చేసుకోవాలి, లేకపోతే ప్రోరెస్ లాంటి వాటిలోకి మార్చుకుని ఎడిట్ చెయ్యాలి. అయితే టైమ్‌లైన్ మీద ఆగినంత మాత్రాన ఎక్స్‌పోర్ట్‌లోనూ ఆగాలని లేదు. ఎక్స్‌పోర్ట్‌కి తొందరేముంది, ఒక ఫ్రేముకి అరనిమిషం పట్టినా తీరిగ్గా చేసుకుంటుంది. ఈ రెండు రోగాలకీ తేడా తెలియకే ఆ మొదటివాడు గ్రాఫిక్స్ కార్డు కొన్నది.

ఇక ఫోను. కెమెరా అంటే ఒకటే వేగంతో తిరగాలన్నది మా నమ్మకం. ఫోన్‌కి ఆ పట్టింపు లేదు. వెలుతురు తగ్గితే ఇంకాస్త సేపు కన్ను తెరుచుకుంటుంది, ఫ్రేములు తగ్గిస్తుంది. మళ్ళీ లైటు పడితే పెంచుతుంది. ఊరేగింపులో పెట్రోమాక్స్ లైటు, చీకటి సందు, టపాకాయ, మళ్ళీ చీకటి. ఒకే క్లిప్పులో వేగం పదిసార్లు మారుతుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. మూకీ కెమెరావాడి చేతివాటం అన్నమాట, చెయ్యి మాత్రం లేదు. సాఫ్ట్‌వేర్ ఏదో సగటు అంకె ఊహించుకుని నడుపుతుంది. మొదట మాట సరిగ్గానే ఉంటుంది, పది నిమిషాలు పోయేసరికి పురోహితుడి పెదాలు ఒకచోట, మంత్రం ఒకచోట. మీడియాఇన్ఫో అని ఒక ప్రోగ్రాం ఉంది, ఊరికే దొరుకుతుంది. ఫైల్ని అందులో వేస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబులో కాన్‌స్టెంటో చెప్పేస్తుంది. వేరియబుల్ అయితే టైమ్‌లైన్ మీదికి రానివ్వకుండా ముందు హ్యాండ్‌బ్రేక్‌లో వేసి కాన్‌స్టెంట్ చేసుకోవాలి. అదీ ఊరికే దొరికేదే. లక్షల కార్డు కొనేవాడికి ఊరికే దొరికేది ఆనదు.

ఎడిటింగ్ చెయ్యకముందే జరిగిపోయే జర్కు ఇంకొకటుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచెయ్యలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో షట్టర్ 2000లో పెట్టి తీస్తారు. ప్రతి ఫ్రేమూ చెక్కినట్టు పదునుగా ఉంటుంది. ఆ పదునే శత్రువు. కదిలే చెయ్యి ఫ్రేములో కాస్త చెదిరితేనే మన కన్ను ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి జారుతుంది. అందుకే 24లో తీస్తే షట్టర్ 48 దగ్గర, 25లో తీస్తే 50 దగ్గర. ఎండ ఎక్కువైతే ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించాలి. ఇక ఆ గింబల్! ఎలా పడితే అలా విసురుతారు. తెర ఆ అంచునున్న వస్తువు ఈ అంచుకి రావడానికి ఏడు సెకన్లన్నా పట్టాలని పాత కెమెరామెన్ లెక్క. వీళ్ళు సెకనులో కళ్యాణమండపం మొత్తం చుట్టేసి 24లో అదురుతోందని నా దగ్గరికొస్తారు. 24 కావాలనుకున్నవాడు 24కి తగినట్టు మెల్లగా తిరగాలి. ఆ వేగంతో వచ్చే అందం ఒకటే కావాలి, దాని నిబంధన వద్దంటే ఎలా?

అన్నీ తిట్లే కాదు, పని జరగాలి కాబట్టి చెయ్యాల్సింది కూడా చెబుతున్నాను. టైమ్‌లైన్ 25 అయితే 50 క్లిప్పు హాయిగా కూర్చుంటుంది, ఒకటి విడిచి ఒకటి. 24 క్లిప్పుని మార్చమనకండి. అది 25 అనుకో అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పండి, ఆనాడు టీవీలో సినిమా నడిపినట్టు కాస్త తొందరగా నడుస్తుంది, అంతే. డ్రోన్ వాడి 30ని కూడా 25 అనుకోమనండి. ఆరింట ఒక వంతు నెమ్మదిస్తుంది. ఆకాశంలోంచి తీసిన మండపం నెమ్మదిగా తిరిగితే ఇంకా బావుంటుంది, దానికి మాటలు లేవు కాబట్టి ఎవరికీ తెలియదు. 60ని అలాగే చేస్తే మంచి స్లో మోషన్, సగానికంటే తక్కువ వేగం, ఒక్క ఫ్రేము కూడా పోదు. 25లో తీసినదాన్ని నలభై శాతానికి సాగదీసి తలంబ్రాలు గాల్లో తేలాలంటే మాత్రం తేలవు, మెట్లు మెట్లుగా దిగుతాయి. లేని ఫ్రేములు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆప్టికల్ ఫ్లో అని ఒకటుంది, మధ్య బొమ్మలు తనే ఊహించి గీస్తుంది. ఒక చెయ్యి కదిలితే బానే గీస్తుంది. అక్షింతలు వందల కొద్దీ పడుతుంటే దాని ఊహ అందక పెళ్ళికొడుకు ముక్కు కరిగిపోతుంది.

పాత మినీడీవీ క్యాసెట్లు తెచ్చి పాతికేళ్ళ పండగకి కొత్తగా చేసిమ్మంటారు చాలామంది. అందులో చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతూ, అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తే ఫీల్డులు తారుమారయ్యాయని అర్థం. పాల్ డీవీలో కింది ఫీల్డు ముందు, తర్వాత వచ్చిన హెచ్‌డీలో పై ఫీల్డు ముందు. సాఫ్ట్‌వేర్‌లో ఫీల్డుల వరస చెప్పే ఆ ఒక్క గడి సరిచేస్తే ఊగడం ఆగుతుంది.

మా కాలం బంగారమని నేనేం అనను. రెండు వీసీఆర్‌ల మధ్య ఒక కట్ వెయ్యాలంటే రెండూ అయిదు సెకన్లు వెనక్కెళ్ళి, పరుగందుకుని, కలిసి రావాలి. ఒక్కోసారి కలిసేవి కావు. ఎడిట్ మీద ఎడిట్ వేస్తే బొమ్మ నాణ్యం పోయేది. మూడో కాపీకి పెళ్ళికూతురి ఎర్రచీర రంగు పక్కనున్న పురోహితుడి పంచె మీదికి పాకేది. మూడు గంటల క్యాసెట్ మధ్యలో ఒక షాట్ తీసెయ్యాలంటే అక్కణ్ణుంచి చివరిదాకా మళ్ళీ చెయ్యడమే. ఇప్పుడు ఒక మీట నొక్కితే వెనక్కెళుతుంది. కొత్తది రాదనుకునే ముసలాళ్ళమూ కాదు. ఫిల్ము కోసిన కాలం నుంచి ఉన్న కోటగిరి వెంకటేశ్వరరావు గారు 'బాహుబలి' ఎడిట్ చెయ్యలేదూ? పనిముట్టు మారిందని నాకు బాధ లేదు. పనిముట్టు ఇంత గొప్పదయ్యాక పని మొదలెట్టే ముందు నలుగురు కెమెరావాళ్ళు ఒకచోట నిలబడి "ఏ అంకెరా మనది" అని ఒక్క మాట అనుకోరేం అనే నా బాధ.

మొన్న ఇదే మా అబ్బాయిల ముందు గట్టిగా అన్నాను. అందరూ 25 పెట్టండి, ఫోన్ సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లు చూపించమనే మీట ఉంటే అది వెయ్యండి, ఆటో ఎఫ్‌పీఎస్ తీసెయ్యండి అని. ఒకడు, చిన్నవాడే, అడ్డొచ్చాడు.

"బాబాయ్, ఇప్పుడు పెళ్ళి ఎవరు టీవీలో చూస్తున్నారు? అందరూ ఫోన్‌లోనేగా. ఫోన్ స్క్రీన్ సెకనుకి 60 సార్లు మారుతుంది. 25ని 60లో ఎలా పంచుతావు? ఒక ఫ్రేము రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు చూపించాలి. అదీ కుంటేగా. 30 అయితే ప్రతిదీ సరిగ్గా రెండుసార్లు."

లెక్క వేసి చూశాను. వెధవ, సరిగ్గానే చెప్పాడు. 120 స్క్రీన్లలోనూ అంతే, 25 కుదరదు, 30 కుదురుతుంది. కాదనడానికి కారణం దొరక్క ఒళ్ళు మండింది.

"సరే, 30 పెట్టండి" అన్నాను. "కానీ మన మండపాల్లో లైట్లు 50 సైకిల్స్ కరెంటు మీదే వెలుగుతాయి. 30లో తీస్తున్నాం కదా అని షట్టర్ 60కి మార్చారంటే బొమ్మంతా నల్ల చారలు పాకుతాయి, షట్టర్ మాత్రం 50లోనే ఉంచండి. ఇంకోటి. అందరూ 30 అంటే అందరూ. డ్రోన్ వాడితో సహా 29.97ఆ, 30ఆ ముందే తేల్చుకోండి. పెళ్ళికూతురి తమ్ముడి ఫోన్ నా దగ్గరికి తీసుకురండి, అది నేను సెట్ చేస్తాను."